తీర్థం కప్పిన నగరం: యాత్రారచనలో చిన్న చారిత్రక పట్టణం

1786 అక్టోబరు నెలాఖరులో జర్మన్ కవి గోథే రోముకు పోతూ దారిలో అసీసి అనే చిన్న కొండపట్టణం దగ్గర బండి దిగాడు. మధ్య ఇటలీలోని ఆ ఊరు సంత ఫ్రాన్సిస్ పుట్టిన చోటు, ఆయన సమాధి ఉన్న చోటు. పదమూడవ శతాబ్ది నుంచి క్రైస్తవ యాత్రికులు ఆ సమాధి కోసమే ఆ కొండ ఎక్కుతూ వచ్చారు. గోథే బండిని కింది మైదానంలో వదిలి, ఈదురుగాలిలో ఒంటరిగా నడుచుకుంటూ పైకి పోయాడు. కాని సమాధిమందిరం వైపు తిరగలేదు. ఒకదానిపై ఒకటి పేర్చినట్టున్న ఆ చర్చీల మహాకట్టడాన్ని అయిష్టంగా పక్కన వదిలేసి, ఊరి నడుమ చౌకులో ఉన్న మినర్వా దేవాలయాన్ని వెతుక్కుంటూ వెళ్ళాడు. అది రోమన్ల కాలపు గుడి. ముందు ఆరు స్తంభాలు. ఆయన వెళ్ళేనాటికే లోపలి భాగం మేరీమాత చర్చిగా మారిపోయింది. వెలుపలి రూపం మాత్రం చెక్కుచెదరలేదు. ప్రాచీనుల కట్టడం ఒకటి నిండుగా నిలిచి ఉండగా చూడటం ఆయనకు అదే మొదటిసారి. తనివితీరా చూసి దిగివస్తుంటే దారిలో రక్షకభటులు అడ్డగించారు. అసీసి దాకా వచ్చి సంతుని మఠం చూడకుండా పోతున్నవాడు దొంగసరుకు మోసేవాడై ఉంటాడని వారి అనుమానం. తాను కట్టడాలు చూసే మనిషినని ఆయన చెప్పుకోవలసి వచ్చింది.

1816–17లో అచ్చయిన 'ఇటలీ యాత్ర'లో ఈ ఘట్టం పొడుగు కొద్ది పుటలే. యాత్రారచనను విమర్శించేవారికి మాత్రం ఇది ఎంతో ముఖ్యమైనది. ఒకే ఊరిలో రెండు ఊళ్ళున్నాయి. ఒకటి తీర్థం, ఒకటి నగరం. ఊరి భటులకు తీర్థం తప్ప వేరే అసీసి తెలియదు. గోథే తన చదువు పుణ్యమా అని నగరాన్ని మాత్రమే చూడదలచాడు. భటులు ఆయనను నేరస్థునిగా అనుమానించడం నవ్వు పుట్టించే సంగతే కాని, తర్కం లేనిది కాదు. తీర్థానికి వచ్చి తీర్థం చూడనివానికి అక్కడ ఇంకేం పని ఉంటుందన్నది వారి ప్రశ్న. ఆ ప్రశ్నను గోదావరి తీరానికి తెచ్చి, తెలుగు యాత్రారచనను దానితో పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరీక్షకు ఎన్నుకున్న చోటు జగిత్యాల జిల్లాలో ధర్మపురి నుంచి వెల్గటూర్ మండలంలోని కోటిలింగాల దాకా ఉన్న గోదావరి కుడిగట్టు. ఎగువన ఒక తీర్థం ఉంది. దిగువన, వెల్గటూరుకు కొద్ది కిలోమీటర్ల దూరంలో, పెద్దవాగు గోదావరిలో కలిసేచోట, ఒక నగరం ఉండేది. మొదటిదానికి సాహిత్యం ఉంది. రెండవదానికి నాణేలున్నాయి.

మకుటంలో ఊరు

ధర్మపురి అనగానే తెలుగువారికి గుర్తుకొచ్చేది శేషప్పకవి నరసింహ శతకం. శేషప్ప కాలం గురించి పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. ఇక్కడ ఆ చర్చ అవసరమూ లేదు. చదువుకున్నవారు, చదువురానివారు అన్న భేదం లేకుండా తెలంగాణ పల్లెల్లో ఇంతగా నోళ్ళలో నానిన శతకాలు తక్కువ. దాని మకుటంలో స్వామి ధర్మపురి నివాసి. సీసపద్యం పూర్తయిన ప్రతిసారీ ఊరి పేరు వినిపిస్తుంది. ఈ పద్యాలు కంఠస్థం చేసినవారిలో ఎందరో ధర్మపురి చూసినవారు కారు. చూడకపోయినా ఆ పేరు వారికి సొంత ఊరి పేరంత దగ్గర.

విచిత్రమేమంటే, అన్నిసార్లు పేరు పలికిన ఈ శతకంలో ఊరి రూపురేఖలు దాదాపు కనిపించవు. బ్రహ్మపుష్కరిణి, దాని చుట్టూ జరిగే ఉత్సవాల సందడి, దక్షిణంగా మళ్ళే గోదావరి, గుడి ప్రాంగణంలో యమధర్మరాజుకు కూడా చోటు దొరకడం, ఇవన్నీ ధర్మపురికి వచ్చిన ఏ యాత్రికుడైనా మొదట చెప్పే సంగతులు. శేషప్ప వీటికోసం పద్యాలు ఖర్చు చేయలేదు. ఆయన చూపు చావు మీద, లోభి మీద, చదివీ తెలియని పండితమ్మన్యుల మీద, చివరి ఘడియలో నాలుక తిరుగుతుందో లేదో అన్న భయం మీద ఉంది. భూమ్మీది యాత్రలన్నీ చేయవచ్చు, నదులన్నింటిలో మునగవచ్చు, మనస్సును స్వామి పాదాల దగ్గర నిలపడం ఒక్కటే చేతకాదని వాపోయే పద్యం కూడా ఈ శతకంలో ఉంది. తీర్థకవియే యాత్రను తక్కువ చేసిన సందర్భమిది. ఆయనకు ధర్మపురి చేరవలసిన గమ్యం కాదు. ఉన్నచోటు. ఉన్నచోటును ఎవరూ వర్ణించరు.

శతకం వర్ణనకు తగిన ప్రక్రియ కాదు కదా అని ఇక్కడ ఎవరైనా అడగవచ్చు. క్షేత్రశతకాలన్నీ ఇలా లేవు. గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నారసింహ శతకం, భల్లా పేరకవి భద్రగిరి శతకం దండయాత్రల నేపథ్యంలో పుట్టాయి. ఊరికి వచ్చిన ఆపదను కవులు దేవుని ముఖం మీదే అడిగారు. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం శ్రీకాకుళ క్షేత్రపు దుస్థితిని వ్యాజస్తుతిలో నిలదీసింది. అంటే శతకం ఊరి చరిత్రను మోయగలదు. శేషప్ప మోయించదలచుకోలేదు. అది ఆయన ఎంపికే. దాన్ని దోషంగా లెక్కించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ ఎంపిక తర్వాతివారి చూపును ఎలా తీర్చిందన్నదే అసలు ప్రశ్న. ఆయన యక్షగానం పేరు కూడా ధర్మపురి రామాయణమే. రామకథకు సైతం ఊరి పేరే తగిలించాడు. ఇంతటి పేరు వచ్చాక, ధర్మపురిని గురించి తర్వాత రాసినవారికి పేరే చాలనిపించింది. స్థలపురాణం, దక్షిణకాశి అన్న ప్రశస్తి, ధర్మపురికి పోయినవానికి యమపురి లేదన్న జనం మాట, వీటితోనే ఊరి వర్ణన ముగిసిపోతూ వచ్చింది.

ఈ లక్షణం ధర్మపురికే పరిమితం కాదు. సిరిసిల్ల ప్రాంతంలోని వేములవాడనే తీసుకుంటే, అది పదవ శతాబ్దిలో చాళుక్యుల రాజధాని. రెండవ అరికేసరి ఆస్థానంలో పంపడు 941లో విక్రమార్జున విజయం రాశాడు. పంపని తమ్ముడు జినవల్లభుడు కుర్క్యాల బొమ్మలగుట్ట మీద సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో శాసనం చెక్కించాడు. అందులోని తెలుగు కందాలకు మన ఛందశ్చరిత్రలో ఉన్న స్థానం అందరికీ తెలిసిందే. సోమదేవసూరి 959లో యశస్తిలకం ముగించింది గంగాధరలో. మూడు భాషల కవులు మెలగిన రాజధాని ఇది. అయినా వేములవాడకు పోయే లక్షలాది మందికి అది రాజన్న గుడి, కోడెమొక్కు, ధర్మగుండం. ఇందులో భక్తుల తప్పేమీ లేదు. వారు గుడికే వచ్చారు. అడగవలసింది రాసేవారిని. పరిశోధకులు కూడా వేములవాడ పోయివచ్చి రాసేటప్పుడు గుడి దగ్గరే మొదలుపెట్టి గుడి దగ్గరే ఆగిపోవడం కద్దు.

మజిలీ చూపు

తెలుగు వచన యాత్రారచన ఏనుగుల వీరాస్వామయ్యతో మొదలవుతుంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఆయన 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. దారి పొడుగునా రాసినది కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె చేతికి చేరింది. వీరాస్వామయ్య 1836లో పోయాక, 1838లో పిళ్ళె దాన్ని అచ్చువేయించాడు. 1941లో దిగవల్లి వేంకట శివరావు పరిష్కరణతో అది మళ్ళీ వెలుగు చూసింది. హైదరాబాదు విడిచి ఉత్తరానికి, నిర్మల మీదుగా నాగపూరుకు సాగిన ఆయన దారికి ధర్మపురి తూర్పున ఉండిపోయింది. చూసి ఉంటే ఏమి రాసేవాడన్నది కల్పన. ఎలా రాసేవాడన్నది మాత్రం ఆయన పుస్తకం నుంచి ఊహించవచ్చు.

పేరుకు అది కాశీయాత్ర. ప్రయాణపు లక్ష్యం తీర్థం. పుటల నిండా ఉన్నవి మాత్రం ఊళ్ళు. దిగిన ప్రతి మజిలీలో ఇళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, సరుకు దొరుకుతుందా, నీళ్ళ వసతి ఎలా ఉంది, దారి రాతిదా రేగడిదా, వాగు దాటడం సులువా అన్న లెక్క తప్పదు. పల్లకీ, బోయీలు, పరివారంతో నడిచే మనిషికి ఈ లెక్క ప్రాణావసరం. ఈ అవసరమే తెలుగు వచనానికి ఊరిని చూడటం నేర్పింది. పుణ్యఫలంతో పాటు బియ్యం దొరికే తావును కూడా రాయదగిన విషయంగా చేసింది వీరాస్వామయ్యే. కాశీయాత్ర చరిత్రను యాత్రాసాహిత్యానికి ఆదిగ్రంథమని ఊరకే పొగడటం కంటే ఈ ఒక్క సంగతిని గుర్తించడం ఆయనకు ఎక్కువ న్యాయం చేస్తుంది.

అయినా ఆ చూపుకు ఒక హద్దుంది. అది మజిలీ చూపు. నేడు పనికివచ్చే ఊరు దానికి కనిపిస్తుంది. నిన్న ఉండి నేడు లేని ఊరు దానికి మజిలీ కాదు, కనుక కనిపించదు. స్థలపురాణానికి కాలం లేదు, కృతయుగంలో జరిగినది నిన్న జరిగినట్టే చెబుతుంది. మజిలీ వచనానికి ఉన్నది వర్తమానం ఒక్కటే. ఈ రెంటి నడుమ చరిత్ర అన్న కాలం జారిపోయింది. తర్వాతి తెలుగు యాత్రారచనల్లో చాలాభాగం ఈ రెండు పద్ధతుల్లో ఏదో ఒకదానికి వారసత్వమే. ఒకటి దర్శనమైన తీరు చెబుతుంది. రెండవది బస, భోజనం, టికెట్టు చెబుతుంది. విదేశయాత్రల పుస్తకాల్లో సైతం చర్చి ముందు నిలబడగానే మొదటి పద్ధతి, హోటల్ చేరగానే రెండవ పద్ధతి పైకి వస్తాయి.

ఓరుగల్లులో ఒక రోజు

ఇంతమాత్రం చేత తెలుగుకు నగరాన్ని చూసే చూపే లేదనుకుంటే పొరపాటు. అష్టాదశ వర్ణనల్లో పురవర్ణన ముందుంటుంది. ప్రబంధాల్లో కోటలు ఆకాశాన్ని తాకుతాయి, అగడ్తలు పాతాళానికి దిగుతాయి, నాలుగు వర్ణాలవారూ వరుసగా నిలబడతారు. అది ఏ నగరమైనా కావచ్చు. అదే దాని లోపం. ఊరి పేరు మార్చినా పద్యం చెడదు. ఈ మూస నుంచి తప్పించుకున్న రచన క్రీడాభిరామం.

దాని కర్త వినుకొండ వల్లభరాయడా, శ్రీనాథుడా అన్న వివాదం ఇక్కడ అప్రస్తుతం. మానవల్లి రామకృష్ణకవి ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళలో దాన్ని వెలికితెచ్చినప్పటి నుంచి పండితుల శక్తి ఎక్కువగా ఆ వివాదం మీదా, పద్యాల శృంగారం మీదా వ్యయమైంది. యాత్రారచనగా దాన్ని చదివినవారు తక్కువ. గోవిందమంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు ఒక్కరోజు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. పూటకూళ్ళ ఇంట రూకకు ఏమేమి వడ్డిస్తారో చెబుతారు. ఏకవీరను చూస్తారు, పల్నాటి వీరుల కథ పాడే ఆమె పాట వింటారు, కోడిపందెం, పొట్టేళ్ళ పోరు చూస్తారు, మాచల్దేవి ఇంటి చిత్రశాల దగ్గర ఆగుతారు. గుడులు కూడా వారి దారిలో ఉన్నాయి. కాని అవి వీధిలో భాగంగా వస్తాయి, వీధిని మింగేయవు. తీర్థమూ నగరమూ ఒకే నడకలో ఇమిడిన తెలుగు రచన ఇంతకంటే మరొకటి చూపడం కష్టం.

ఇక్కడ మరొక విశేషం ఉంది. ఓరుగల్లు 1323లో ఢిల్లీ సేనలకు లొంగిపోయింది. క్రీడాభిరామం ఆ తర్వాతి తరాల రచన. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామం దానికి మూలమైనా, తెలుగు పాఠకులు చదువుతున్నది కాకతీయులు లేని కాలంలో చెప్పిన కాకతీయ రాజధానినే. రాజ్యం పోయిన నగరపు వీధిని కవి పూటకూటి వడ్డనతో సహా నిలబెట్టాడు. సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్రలో కాకతీయ యుగపు జనజీవనానికి దీన్ని ఆకరంగా వాడుకోగలిగాడంటే కారణం ఈ వివరమే. కోట వర్ణన చేసిన కావ్యాలు చరిత్రకారులకు అంతగా ఉపకరించలేదు.

అందువల్ల సమస్య చూపు లేకపోవడం కాదు. ఉన్న చూపు తెగిపోవడం. క్రీడాభిరామానికీ కాశీయాత్ర చరిత్రకూ నడుమ నాలుగు వందల ఏళ్ళకు పైబడిన దూరం ఉంది. పరీక్షించగల ఉదాహరణలు తక్కువైనంతలో చెప్పగలిగేది, నగరయాత్రను కావ్యవస్తువుగా తీసుకున్న ఆ వీథీరూపకం సంప్రదాయంగా స్థిరపడలేదని. అది ఒంటరిగా నిలిచింది. శృంగారమన్న పేరుతో పాఠ్యక్రమాల్లో కూడా పక్కకు నెట్టబడింది.

కోటిలింగాలలో ఏమి చూడాలి

కరీంనగర్ నుంచి రాయపట్నం పోయే దారిలో వెల్గటూర్ వస్తుంది. అక్కడి నుంచి గోదావరి వైపు తిరిగితే కోటిలింగాల. వచ్చినవారికి మొదట కనిపించేది కోటేశ్వరస్వామి గుడి. ఊరి పేరు లింగాలది, ఊరి కథ లింగాల లెక్కది. గుడి దిబ్బ మీద ఉంది. ఆ దిబ్బ, దాని చుట్టుపక్కల నేల, మట్టికోట గోడల ఆనవాళ్ళు, ఇటుక కట్టడాల అవశేషాలు, మట్టిపాత్రల పెంకులు, ఇవి రెండువేల ఏళ్ళ కిందటి నగరానివి. నగరం తన పేరును ఊరి పేరులో మిగుల్చుకోలేదు. తీర్థనామం దాన్ని పూర్తిగా కప్పేసింది. అసీసిలో మినర్వా గుడి చర్చి అయినా, చర్చి పేరులో మినర్వా మిగిలింది. గోథే వెళ్ళి వాకబు చేయగలిగినది ఆ పేరుతోనే. కోటిలింగాలలో అడగడానికి పేరు లేదు.

ఆ నగరం బయటపడిన తీరులోనూ సాహిత్యానికి పాత్ర లేదు. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరిశర్మ అక్కడ దొరికిన నాణేలను సేకరించారు. శాసనపరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటి మీది అక్షరాలు చదివారు. గోబద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప అనే పేర్లు, ఏ పురాణపు రాజవంశ జాబితాలోనూ కనిపించని రాజుల పేర్లు, బయటికి వచ్చాయి. వాటితో పాటు చిముకుని నాణేలు దొరికాయి. పురాణాల్లో సాతవాహన వంశకర్త పేరు ఒకచోట శిశుకుడు, ఒకచోట సింధుకుడు, ఒకచోట శిప్రకుడు. లేఖకుల చేతుల్లో పేరు అరిగిపోయింది. నాణెం మీద మాత్రం బ్రాహ్మీ అక్షరాల్లో నిలిచింది. నాణేల మీది చిముకుడే నానేఘాట్ గుహలోని సిముకుడన్న గుర్తింపుపై నాణేశాస్త్రజ్ఞుల్లో చర్చ ఉన్నా, సాతవాహనుల తొలి అడుగులు గోదావరి నడిగట్టున వెతకాలన్న ఆలోచనకు బలం వచ్చింది ఇక్కడి నుంచే. 1979 తర్వాత వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో రాష్ట్ర పురావస్తుశాఖ తవ్వకాలు జరిపింది. ధూళికట్ట, పెద్దబంకూరు తవ్వకాలతో కలిపి చదివితే ఇది ఒంటరి ఊరు కాదని, నదిని ఆనుకుని పెరిగిన నగరాల వరుసలో ఒకటని తెలుస్తుంది.

ఈ సంగతులు చరిత్ర పాఠ్యపుస్తకాల్లోకి చేరాయి, పోటీపరీక్షల ప్రశ్నలయ్యాయి. సాహిత్యంలోకి చేరలేదు. అడివి బాపిరాజు హిమబిందు సాతవాహన కాలపు నవల. అందులోని నగరం కృష్ణాతీరపు ధాన్యకటకం. బాపిరాజు రాసేనాటికి కోటిలింగాల నాణేలు వెలుగు చూడలేదు గనుక ఆయనను తప్పుపట్టే పని లేదు. అమరావతి శిల్పం ఆయనకు ఒక నగరాన్ని ఊహించుకొనే ఆధారమిచ్చింది, శిల్పి కథానాయకుడయ్యాడు. కోటిలింగాలలో అలాంటి శిల్పసంపద లేదు. పెంకు మీద, ఇటుక మీద, సీసపు నాణెం మీద నవల నిలబెట్టడం కష్టమని సర్దిచెప్పుకోవచ్చు. ఆ మాటకొస్తే టిట్టిభసెట్టి తిన్న అన్నం కూడా శిల్పం కాదు.

ఈ తీరానికి సాహిత్యసాక్ష్యం లేదనుకోవడమూ సరికాదు. ప్రాచీన పాలీ గ్రంథం సుత్తనిపాతంలోని పారాయణవర్గంలో బావరి అనే బ్రాహ్మణుడు గోదావరి గట్టున, అస్సక రాజ్యంలో ఆశ్రమం ఏర్పరచుకున్నాడు. అతని పదహారుగురు శిష్యులు బుద్ధుని వెతుక్కుంటూ ఉత్తరానికి బయలుదేరారు. వారి ప్రయాణాన్ని ఆ పాఠం ఎలా చెప్పిందన్నది గమనించదగింది. పతిట్ఠానం, మాహిస్సతి, ఉజ్జేని, గోనద్ధ, వేదిస, కోసంబి, సాకేత, సావత్థి అంటూ ఊరి తర్వాత ఊరు. మహిమలు లేవు, ఫలశ్రుతి లేదు. గమ్యం బుద్ధుడే అయినా దారి నగరాల పేర్లతో కట్టబడింది. గోదావరి తీరం నుంచి బయలుదేరిన యాత్రల్లో గ్రంథస్థమైన అతిప్రాచీన యాత్రల్లో ఒకటి ఇలా నగరాల పట్టికగా ఉండటం తెలుగు యాత్రాసాహిత్య చరిత్రలు రాసేవారు పట్టించుకోవలసిన సంగతి.

రెండవ సాక్ష్యం హాలుని గాథాసప్తశతి. అందులో గోదావరి పదేపదే వస్తుంది, స్నానఘట్టంగా కంటే సంకేతస్థలంగా ఎక్కువసార్లు. ఆనందవర్ధనుడు ధ్వనికి తొలి ఉదాహరణల్లో ఒకటిగా తీసుకున్న గాథ అలంకారశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ పరిచితమే. గోదావరి ఒడ్డు పొదల్లో తిరిగే ఒక ధార్మికునితో, నిన్ను భయపెట్టే కుక్కను అక్కడి సింహం చంపేసింది, ఇక నిశ్చింతగా తిరగమని ఒక స్త్రీ చెబుతుంది. మాట విధి, భావం నిషేధం. తన సంకేతస్థలానికి అతను రాకూడదన్నది ఆమె కోరిక. ధ్వనిచర్చలో ఈ గాథను వందలసార్లు ఉదాహరించినవారు ఇందులోని స్థలాన్ని గురించి అడగలేదు. ఆ పొదలు ఇద్దరివి. ధార్మికునికి ఒక గోదావరి ఉంది, ఆమెకు ఒక గోదావరి ఉంది. ఇద్దరూ ఒకే గట్టున నడుస్తున్నారు, ఒకరి దారి మరొకరికి అడ్డం. గాథ ఆమె పక్షాన నిలిచింది. తర్వాతి తీర్థమాహాత్మ్యాల్లో గోదావరి ధార్మికుని వశమైంది. ఆ గాథ కోటిలింగాల గురించినదని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు, చెప్పనవసరమూ లేదు. సాతవాహన కాలపు పేరుతో నిలిచిన సాహిత్యంలో గోదావరి గట్టుకు తీర్థేతరమైన జీవితం ఉండేదన్నంతవరకు చాలు.

గోథే చూపును ఆదర్శంగా తీసుకుంటే పని తీరుతుందా అంటే, తీరదు. ఆయన కూడా ఒంటికంటితోనే చూశాడు. వదిలేసిన ఆ సమాధిమందిరంలో జొట్టో పేరుతో ప్రసిద్ధమైన కుడ్యచిత్రాలున్నాయి. ఐరోపా చిత్రకళ మలుపు తిరిగిన చోట్లలో అదొకటని తర్వాతి కళాచరిత్ర చెప్పింది. ప్రాచీన రోము కోసం వెతికిన కళ్ళకు మధ్యయుగం చెత్తకుప్పగా కనిపించింది. కోటిలింగాలను చూడటానికి కోటేశ్వరస్వామి గుడిని అలాగే పక్కన వదిలేయాలనుకునే పరిశోధకులు అదే తప్పు మళ్ళీ చేస్తారు. దిబ్బ మీద గుడి ఉండటం, ఆ గుడికి శివరాత్రికి జనం రావడం, ఆ జనం వల్లే దిబ్బకు ఒక పేరు, ఒక పట్టింపు మిగలడం కూడా ఆ నగరపు చరిత్రలో భాగమే. భక్తుల రాకే లేకపోతే దిబ్బ ఎప్పుడో పొలంలో కలిసిపోయేదేమో.

అసీసి ఈ రెండు చూపులనూ పొందింది. 1997 సెప్టెంబరులో భూకంపానికి సమాధిమందిరం కప్పు కూలి కుడ్యచిత్రాలు ముక్కలైనప్పుడు, ఆ ముక్కలను ఏరి అతికించే పనికి పూనుకున్నారు. 2000లో యునెస్కో ఆ మందిరాన్ని, ఇతర ఫ్రాన్సిస్కన్ స్థలాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గోడ మీది బొమ్మ పడిపోతే ప్రపంచానికి తెలిసింది. ఎందుకంటే ఆ బొమ్మను గురించి ముందే వందల పుస్తకాలు ఉన్నాయి. కోటిలింగాల పరిస్థితి వేరు. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం వెనుకజలాలు వెల్గటూర్ మండలంలోని తీరగ్రామాల దాకా వచ్చాయి. ఊళ్ళు తరలాయి. ఇళ్ళకు, పొలాలకు పరిహారం లెక్క ఉంది, వాటిని పోగొట్టుకున్నవారి గోడు పత్రికల్లో వచ్చింది. పెంకులున్న నేలకు అలాంటి లెక్క ఏదీ లేదు. నీళ్ళు ఎంతమేర చరిత్రను తాకాయో చెప్పవలసింది పురావస్తు నిపుణులు. సాహిత్యవిమర్శ అడగగల ప్రశ్న ఒక్కటే. ఆ నేల మునిగితే ఏమి మునిగిందో చెప్పగల పద్యమో, కథో, యాత్రావ్యాసమో తెలుగులో ఎందుకు లేదు?

జవాబును వెతకవలసింది ధర్మపురిలోనే. తీర్థాన్ని మాత్రమే చూడటం నేర్పిన సాహిత్యం అక్కడిదే అయినా, నగరాన్ని గుర్తించిన మనిషి కూడా అక్కడివాడే. నరహరిశర్మ ధర్మపురి నుంచి కోటిలింగాలకు పోయింది కోటేశ్వరుని దర్శనానికి మాత్రమే కాదు, నేల మీద ఏముందో చూడటానికి కూడా. శేషప్ప మకుటం విని పెరిగిన ఊరిలోని ఒక మనిషి, ఆ మకుటంలో లేని ఒక ఊరిని నాణెం నాణెంగా పోగుచేశాడు. తెలుగు యాత్రాసాహిత్య చరిత్రలు ఆ రాకపోకలను యాత్రగా లెక్కించలేదు.